ఫోన్‌లో చర్మం డాక్టరు: గుణుపురంలో మా అత్తగారి తామర వైద్యం, నా అనుభవం

ముందు ఖర్చు చెప్పేస్తాను, మా వీధిలో ఎవరైనా మొదట అడిగేది అదే కాబట్టి. ఇంట్లో ముగ్గురికీ కలిపి 4,200 రూపాయల దాకా అయింది. అందులో ఫోన్‌లో చూసిన డాక్టరమ్మ ఫీజు మొదటిసారి 600, రెండోసారి 350, రక్త పరీక్షకు 450, మిగతాదంతా మందులకే పోయింది. అదే శ్రీకాకుళం వెళ్లి చూపించుకుంటే ఇద్దరికి రానుపోను ఛార్జీలు, ఆటోలు, భోజనం, ఫీజు కలిపి ఒక్కసారికే దగ్గర దగ్గర రెండు వేలు, పైగా ఒక రోజంతా పోతుంది. "అయితే చవకే కదా" అంటారు. చవకే. కానీ డబ్బుతో తేలని సంగతులు ఇందులో చాలా ఉన్నాయి, మాకు ముందుగా ఎవరూ చెప్పనివి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా అత్తగారికి 62 ఏళ్లు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఉగాది వెళ్లి ఎండలు ముదిరాక లోలంగా బొందు కట్టుకునే చోట నడుం చుట్టూ దురద మొదలైంది. చెమటకాయలేమో అని పౌడరు చల్లుకున్నారు. పది రోజులకల్లా గుండ్రంగా అంచు లేచింది, మధ్యలో చర్మం మామూలుగా ఉంది, అంచు మీద మాత్రం సన్నటి పొక్కులు, పొట్టు. పుస్తకాల్లో ఎర్రటి వలయం అని రాస్తారు గానీ మా చామనఛాయ ఒంటి మీద ఎరుపేమీ కనపడదు, కాస్త ముదురు రంగులో గరుగ్గా ఉంటుంది అంతే. తామర అని మాకే తెలిసిపోయింది.

మెడికల్ షాపుకు మా ఆయన వెళ్లి "దురద, తామర" అనగానే ఒక ట్యూబు ఇచ్చారు, 95 రూపాయలు. చీటీ అడగలేదు, ఎవరికో కూడా అడగలేదు. అది రాసిన రెండో రోజుకే దురద ఆగిపోయింది. మా అత్తగారైతే ఆ షాపు అబ్బాయిని దేవుడిలా పొగిడారు. మానేసిన వారానికి మళ్లీ వచ్చింది, ఈసారి పొట్ట మీదికి. మళ్లీ రాశారు, మళ్లీ పోయింది. అలా ట్యూబు మీద ట్యూబు. మధ్యలో పక్కింటి పిన్ని మెట్టతామర ఆకు నూరి పట్టించింది, ఒకామె వేపాకు పసుపు అంది, ఇంకొకామె షుగరు ఉంది కదా అదే ఒంట్లోంచి బయటికొస్తోంది, రానీ అంది. జూన్‌లో ఇక్కడి ఒడియావాళ్ల రజ పండగ వచ్చేసరికి తొడల దాకా పాకింది. మా ఆయనకు గజ్జల్లో మొదలైంది (ఆయన నాకు చెప్పడానికే చాలా రోజులు పట్టింది). మా పాపకు మెడ మీద ఒక చిన్న బిళ్ల. ఒకే తువ్వాలు, ఒకే దండెం, ఒకే బకెట్లో బట్టలు.

అప్పుడు కూర్చుని ఆలోచించాం. మాకు దగ్గరలో రోజూ దొరికే చర్మం డాక్టరు లేరు. రాయగడ వెళ్లాలి, లేదంటే పర్లాకిమిడి మీదుగా శ్రీకాకుళం, పెద్ద ఆస్పత్రే కావాలంటే బరంపురం మెడికల్ కాలేజీ. అత్తగారికి మోకాళ్లు నొప్పులు, బస్సు ఎక్కి దిగడమే ఒక పని. పైగా తొడల మధ్య ఒరుసుకుని మండుతుంటే అన్ని గంటలు సీట్లో కూర్చోవడం ఎలా? మా ఆడపడుచు విశాఖలో ఉంటుంది, ఫోన్ చేసి "వదినా, ఇప్పుడందరూ ఫోన్‌లోనే చూపించుకుంటున్నారు, నేను మొటిమలకు అలాగే చూపించుకున్నాను" అంది. సరే అనుకున్నాం.

నేను అనుకున్న అడ్డంకి వేరు, వచ్చిన అడ్డంకి వేరు. సిగ్నల్ సరిగా ఉండదేమో, డాక్టరు నకిలీ అయితే ఎలా, డబ్బు కట్టాక మాయమైపోతారేమో అని నేను టెన్షన్ పడ్డాను. పక్కింటి పిన్ని బెంగ ఇంకోటి, "చెయ్యి పట్టి చూడకుండా, ఒక ఇంజక్షనైనా పొడవకుండా వైద్యం ఏటమ్మా?" అంది. మా మామగారు ఒకే మాట అన్నారు, "ఫొటో అన్నాక అది ఎక్కడికి పోద్దో మనకు తెలవదు." నిజానికి అందరిలో సరైన ప్రశ్న వేసింది ఆయనే. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. ఊ అనలేదు, ఊహూ అనలేదు. నేను ఆ మౌనాన్ని ఒప్పుకోవడం కింద తీసుకున్నాను.

రథయాత్ర ముందు వారంలో మా ఆశా దీదీ కలిసింది. ప్రైవేటు ఎందుకు, మన సబ్‌సెంటర్లో సిహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు) ఉంది కదా, ఆమె కంప్యూటర్లో డాక్టరును పిలుస్తుంది, డబ్బులు లేవు అంది. అదే ఈ-సంజీవని, ప్రభుత్వం నడిపే ఫోన్ వైద్యం. ఇంట్లో కూర్చుని సొంత ఫోన్ నుంచి కూడా చేసుకోవచ్చట, 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది ఆ పద్ధతి. నాకు ఇన్నాళ్లూ దాని పేరు గోడ మీద బోర్డులో చూడటమే తప్ప ఏమిటో తెలియదు. మా వీధిలో అడిగితే ఒక్కరికీ తెలియదు, తెలిసిన ఒకరిద్దరు కూడా అది కరోనాకి పెట్టారు, అయిపోయింది అనుకుంటున్నారు.

వెళ్లాం. సిహెచ్‌ఓ అమ్మాయి చిన్నపిల్ల, ఒడియాలో మాట్లాడుతూ మధ్యలో తెలుగు కలుపుతుంది. ఆధార్ వివరాలు, ఫోన్‌కు ఓటీపీ, బీపీ, షుగరు చూసి రాసుకుని వరసలో పెట్టింది. ఓ నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆ రోజు మాకు కలిసింది మామూలు డాక్టరు, చర్మం స్పెషలిస్టు కాదు, కానీ ఆవిడ శ్రద్ధగానే విన్నారు. ట్యూబు పేరు చదవమన్నారు, చదవగానే ముందు అది ఆపేయండి అన్నారు. ఒక క్రీము, రాత్రి పూట దురదకు మాత్ర రాసి, ఇంత పాకింది కాబట్టి చర్మం డాక్టరుకు చూపించండి అన్నారు. చీటీ అక్కడే ప్రింటు తీసిచ్చింది, కింద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. దురద మాత్రలు ఆస్పత్రిలో నిరామయ అనే ప్రభుత్వ మందుల కౌంటర్లో ఉచితంగానే దొరికాయి. ఇక్కడ ఖర్చు సున్నా.

అయితే అక్కడ ఒక సంగతి గమనించాను. సిహెచ్‌ఓ కెమెరా తిప్పి "మౌసీ, కొంచెం చూపించండి" అంటే మా అత్తగారు చీర కుచ్చిళ్లు రెండు వేళ్ల మేర దించి వెంటనే పైకి లాక్కున్నారు. గదిలో ఆశా దీదీ ఉంది, బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఇంకో ఇద్దరు ఉన్నారు. తొడల మాట అసలు ఎత్తనే లేదు.

దాంతో ఆ రాత్రే ఒక యాప్‌లో చర్మం డాక్టరుకు బుక్ చేశాను. తెలుగు వచ్చిన ఆడ డాక్టరు కావాలని వెతికితే విశాఖ ఆవిడ దొరికారు. మర్నాడు సాయంత్రం ఏడున్నరకు టైము ఇచ్చారు, ముందుగా ఫొటోలు పెట్టమన్నారు.

ఈ ఫొటోల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు పని ఇక్కడే ఉంది.

నేను ఫోన్ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసి, "అత్తయ్యా, ఫొటో తీయాలి" అన్నాను. ఆవిడ మంచం మీద అలాగే కూర్చున్నారు. కాసేపటికి అన్నారు, "డాక్టరు చూత్తే నాకేటి సిగ్గు? పురుళ్లు పోసుకున్నదాన్ని. తీసేది నువ్వు కదే." నాకు ఆ మాట తగలడానికి కొంచెం టైము పట్టింది. ఇన్నాళ్లూ మేమందరం డాక్టరు గురించి, ఫోన్ గురించి, ఇంటర్నెట్ గురించి వాదించుకుంటుంటే ఆవిడ బాధ కోడలి ముందు చీర విప్పాల్సి రావడం. ఆస్పత్రికి వెళితే తెర వేసి డాక్టరు చూస్తుంది, నేను బయట ఉంటాను. ఫోన్ వైద్యంలో డాక్టరు కళ్లు మాత్రమే వస్తాయి, చేతులు ఇంట్లో వాళ్లవే అయి ఉండాలి. ఎవరి చేతులు అన్నది ఏ యాప్‌లోనూ అడగరు.

చివరికి ఆడపడుచును వీడియోలో కూర్చోబెట్టుకుని, ఆవిడ చెబుతుంటే అత్తగారే కొన్ని సెల్ఫీలా తీసుకున్నారు, వెనక వైపువి నేను తీశాను, కళ్లు సగం మూసుకుని అన్నట్టే. మొదట తీసినవన్నీ పనికిరాలేదు. ట్యూబ్‌లైటు కింద తీస్తే పసుపు, ఫ్లాష్ వేస్తే తెల్లటి మెరుపు తప్ప పొట్టు కనపడదు. ఇంకో విచిత్రం, మా ఆయన ఫోన్ కెమెరాలో అందంగా చూపించే మోడ్ దానంతట అదే ఆన్‌లో ఉంటుంది, అది ముఖం అనుకుందో ఏమో మచ్చల్ని నున్నగా చేసేసింది! అది ఆపాను. మర్నాడు పొద్దున పదింటికి కిటికీ పక్కన, ఎండ నేరుగా పడకుండా వెలుతురులో తీస్తే అప్పుడు సరిగ్గా వచ్చాయి. దూరం నుంచి ఒకటి, ఏ చోటో తెలిసేలా. దగ్గరగా ఒకటి. పక్క నుంచి ఏటవాలుగా ఒకటి, అంచు ఎంత లేచిందో కనపడేలా. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి. ముఖం ఎందులోనూ పడకుండా చూశాను, చేతి గాజులు కూడా తీయించాను, మామగారి మాట గుర్తుంది కదా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంటులా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుందని ఆడపడుచు చెప్పింది, ఆమెకు అలాగే పంపి, యాప్‌లో నేరుగా ఎక్కించాను.

మధ్యాహ్నం మా పాప ట్యాబ్‌లో హోంవర్క్ చూసుకుంటూ "అమ్మా, ఇదెవరి నడుము?" అంది. నా గుండె ఆగిపోయినంత పనైంది. మా ఆయన ఫోన్, ఆ ట్యాబ్ రెండూ ఒకే అకౌంటు, ఫొటోలు వాటంతటవే పైకెక్కి అన్నిచోట్లా దిగుతాయి. బయటి మనిషి ఎవరూ దొంగిలించలేదు, ఇంట్లోనే తిరుగుతున్నాయి. వెంటనే అన్నీ తీసేసి, ట్రాష్‌లోంచి కూడా తీసేసి, బ్యాకప్ ఆపాను. ఎవరైనా ఇలాంటి ఫొటోలు తీసేట్టయితే బ్యాకప్ ముందే ఆపుకోండి, తీశాక కాదు. మామగారికి ఈ సంగతి చెప్పలేదు, ఆయన ఇది చదవరు కూడా.

ఏడున్నర అన్న డాక్టరమ్మ ఎనిమిదీ పదికి వచ్చారు. కింద గదిలో సిగ్నల్ నిలవదు, మేడ మీదికి వెళితే వస్తుంది గానీ చీకటి, పైగా మేడ మీద అత్తగారు చీర ఎలా సడలిస్తారు? మెట్ల గదిలో బల్బు కింద, తలుపుకు దుప్పటి కట్టి కూర్చున్నాం. రెండుసార్లు లైన్ తెగింది, ఆవిడే మళ్లీ చేశారు. ఫొటోలు పంపాం కదా, వాటిని చూసి రాసేయకూడదా అని నేను అడిగాను. "మొదటిసారి చూసేవాళ్లకు వీడియోలో చూడకుండా రాయకూడదమ్మా" అన్నారు. తర్వాత చదివాను, 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో మందుల్ని జాబితాలుగా విడగొట్టారు, క్లోట్రిమజోల్ లాంటి చర్మం పూతలు మొదటిసారి వీడియోలో చూసి రాయదగ్గవాటిలో ఉన్నాయి. వాట్సాప్‌లో ఫొటో చూసి చకచకా నాలుగు మందుల పేర్లు పంపేవాళ్లు మా చుట్టాల్లోనూ ఉన్నారు, వాళ్లలో డాక్టర్లు మాత్రం లేరు.

ఆవిడ అడిగిన వరస నాకు నచ్చింది. పేరు, వయసు, ఏ ఊరు. షుగరు ఎంత. ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ప్రతి స్ట్రిప్పూ కెమెరాకు చూపించమన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అప్పుడు తలుపు బయట నిలబడ్డ మా ఆయన దగ్గాడు. ఇక ట్యూబు చూపించమన్నారు. చూసి, "ఇందులో క్లోబెటసాల్ ఉందమ్మా, గట్టి స్టెరాయిడు. దురదను నొక్కేస్తుంది, ఫంగస్‌ను పెంచుతుంది. మీరు ఇన్ని నెలలుగా తామరకు అన్నం పెడుతున్నారు" అన్నారు. తొడల మీద సన్నటి చారలు వచ్చాయా అని అడిగారు. వచ్చాయి, పురుటి చారల్లాంటివి, అవి ముసలితనం వల్ల అనుకున్నాం. అవి ఆ ట్యూబు వల్లేనట, పూర్తిగా పోవట. స్టెరాయిడు పూతలు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలోకి తెచ్చారని కూడా ఆవిడే చెప్పారు. మాకు ఇచ్చిన షాపు పేరు నేనిక్కడ రాయను, ఆ షాపు ఒక్కటే అయితే కదా.

తొడల సంగతి అత్తగారు ఆవిడకు తనంతట తానే చెప్పారు. నన్ను "కాసేపు మెట్ల మీద కూకో" అని పంపేసి, ఫోన్ గోడకానించి, తలుపేసుకుని ఇద్దరూ మాట్లాడుకున్నారు. మోకాళ్లతో సహా చూపించుకున్నారట. సబ్‌సెంటర్లో రెండు వేళ్ల మేర కూడా దించని మనిషి.

తర్వాత నన్ను లోపలికి పిలిచారు, డాక్టరమ్మ గొంతు మారింది. మాట్లాడుతూ అత్తగారు చెయ్యి ఎత్తినప్పుడు ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి ఆవిడకు కనపడిందట. ఎన్నాళ్ల నుంచి అని అడిగారు. రెండు మూడు నెలలు అన్నారు అత్తగారు. స్పర్శ తెలుస్తోందా? దూది తెచ్చి, అత్తగారి కళ్లు మూయించి, మచ్చ మీద, పక్కన తాకించి, ఎక్కడ తాకానో వేలితో చూపించమన్నారు. నా చెయ్యి వణుకుతోంది, అత్తగారు మధ్యలో కళ్లు తెరిచి చూస్తున్నారు, ఒకసారి సరిగ్గా చూపించారు, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి తాకకుండానే చూపించారు. "ఇది నేను ఫోన్‌లో తేల్చను. మీ ప్రభుత్వ ఆస్పత్రికి రెండు మూడు రోజుల్లో తీసుకెళ్లండి, చెయ్యి పెట్టి చూడాలి" అన్నారు. కుష్టు అన్న మాట ఆవిడ అనలేదు. అననక్కర్లేదు, మా ప్రాంతంలో పాలిపోయిన మచ్చ, స్పర్శ అనగానే అందరికీ అర్థమవుతుంది, ఆశా దీదీలు ఇంటింటికీ వచ్చి అడిగేది అదే కదా.

ఆ రాత్రి ఇంట్లో ఎవరం తినలేదు. అత్తగారు తన కంచం, గ్లాసు విడిగా పెట్టేసుకున్నారు, ఎవరూ చెప్పకముందే. నేను తీసి మళ్లీ అందరివాటిలో కలిపితే మళ్లీ తీశారు. ఫోన్‌లో చూపించకుండా ఉంటే ఈ భయమే ఉండేది కాదు కదా అని మా ఆయన అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఆ మాట ఆ క్షణంలో నా మనసులోనూ ఉంది.

ఇక్కడ సబ్‌డివిజనల్ ఆస్పత్రికి మర్నాటి మర్నాడు వెళ్లాం. పొద్దున ఎనిమిదింటికి వెళితే పదకొండు దాటాక పిలిచారు. ఆ డాక్టరు గారు దూదితో, తర్వాత పెన్ను మొనతో మెల్లగా తాకి చూశారు, కళ్లు మూయడం కాదు, మధ్యలో అట్ట అడ్డం పెట్టారు. మోచెయ్యి వెనక, మెడ పక్కన నరాలు వేళ్లతో నొక్కి చూశారు, గట్టిపడ్డాయా, నొప్పి ఉందా అని. స్పర్శ పూర్తిగా ఉంది. "ఇక్కడ కూడా ఆ ట్యూబు రాశారా?" అని అడిగారు. రాశారట! ఏదో పురుగు కుట్టిందని, తామర తగ్గింది కదా దీనికీ పనిచేస్తుందని. గట్టి స్టెరాయిడు రాస్తే రంగు పోతుంది, నెలల మీద తిరిగి వస్తుంది అన్నారు. అనుమానం ఉంటే మళ్లీ మూడు నెలలకు రండి, ఒకవేళ కుష్టే అయినా మందులు ఉచితం, తక్కువ మచ్చలుంటే 6 నెలలు, ఎక్కువుంటే 12 నెలలు వాడితే నయమైపోతుంది, కంచాలు వేరుచేసే రోజులు కావివి అని కాస్త గట్టిగానే చెప్పారు. కంచాల సంగతి ఆయనకు ఎవరు చెప్పారో!

అంటే ఫోన్‌లో అన్నీ తేలవు, ఆ సంగతి డాక్టరమ్మకు తెలుసు, తేల్చనని చెప్పేశారు. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

ఇక మందులు కొనడం. యాప్‌లో వచ్చిన చీటీ ఫోన్‌లో చూపిస్తే షాపులో "ఆంధ్రా డాక్టరు చీటీ ఇక్కడ చెల్లదు, ఫోన్ చీటీ అసలే చెల్లదు" అన్నారు. ఏ చీటీ లేకుండా స్టెరాయిడు ఇచ్చిన షాపే అది, నాకు నవ్వొచ్చింది. రిజిస్టరైన డాక్టరు దేశంలో ఎక్కడి రోగినైనా ఇలా చూడొచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది, చీటీ మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సంతకం ఉన్నాయి. వాదించే ఓపిక లేక ప్రింటు తీసుకుని ఇంకో షాపుకు వెళ్లాను, వాళ్లు మాట్లాడకుండా ఇచ్చారు. ప్రింటు ఐదు రూపాయలు. కాగితం మీదుంటే ఒక రకం గౌరవం, ఏం చేస్తాం.

మొదటి చీటీలో ఒక పూత క్రీము, దురద మాత్ర మాత్రమే ఉన్నాయి. కడుపులోకి వేసుకునే ఫంగస్ మాత్రలు లివర్ పరీక్ష చూశాకే అన్నారు, బీపీ మందులతో, కొలెస్ట్రాల్ మాత్రతో పడతాయో లేదో కూడా చూడాలట. గీకి పొట్టు తీసి చూసే పరీక్ష చేయిస్తే మంచిదన్నారు గానీ మా ఊళ్లో దొరకలేదు.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పని కష్టం, అంటే డాక్టరమ్మ చెప్పారు గానీ ఆ స్థాయిలో ఉంటుందని మేం అనుకోలేదు. స్టెరాయిడు ట్యూబు ఆపిన నాలుగైదు రోజులకు దురద విరుచుకుపడింది. రాత్రి రెండింటికి లేచి తడిగుడ్డ వేసుకుని కూర్చునేవారు అత్తగారు. మచ్చలు ముందుకంటే పెద్దవిగా కనిపించాయి. పక్కింటి పిన్ని రోజూ వచ్చి "చూసేవా, ఫోన్ల వైద్యం" అని చూసి పోయేది. మా ఆయన మళ్లీ పాత ట్యూబు తెద్దామా అన్నాడు. నేను యాప్‌లో మెసేజ్ పెట్టాను, వారం లోపు ప్రశ్నలు ఉచితం అని రాసి ఉంది. ఒక రోజు దాటాక జవాబు వచ్చింది, అది కూడా ఎవరో అసిస్టెంటుది, "మందు కొనసాగించండి" అని ఒక్క ముక్క. కింద ముఖం సబ్బు ప్రకటన. ఆ ఒక్క రోజులో పాత ట్యూబు ఇంట్లో ఉండి ఉంటే అత్తగారు రాసేసుకునేవారే, ముందే నేను చెత్తబండిలో వేసేశాను కాబట్టి సరిపోయింది. 350 కట్టి మళ్లీ మాట్లాడాక గానీ మనసు కుదుటపడలేదు. "నేను ముందే చెప్పాను కదమ్మా, ఇది రెండు వారాలు ఉంటుంది, ఓర్చుకోండి" అని, లివర్ రిపోర్టు చూసి మాత్రలు రాశారు. మా ఆయన్ను, పాపను కూడా అప్పుడే చూశారు, మా ఆయన్ను వేరే గదిలో. ఇంట్లో అందరూ ఒకేసారి వాడకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుందని గట్టిగా అన్నారు.

అన్నిటికన్నా వానల్లో బట్టల పని పెద్దదైపోయింది. తువ్వాళ్లు ఎవరివి వాళ్లకు వేరు, లోబట్టలు వేడినీళ్లలో, ఆరాక ఇస్త్రీ. మా ఇంట్లో శ్రావణంలో బట్ట ఆరడమే గొప్ప, రాత్రి ఫ్యాన్ కింద తాడు కట్టి ఆరేసేదాన్ని, కరెంటు పోతే అదీ లేదు. లోలంగాకు బొందు తీసేసి వెడల్పాటి ఎలాస్టిక్ కుట్టించాను, టైలర్ 40 రూపాయల చొప్పున తీసుకున్నాడు. అత్తగారికి అదే అన్నిటికంటే నచ్చింది.

మూడో వారం నుంచి దురద తగ్గింది. ఆగస్టు చివరికి అంచులు అణిగిపోయాయి. తగ్గినట్టు కనపడ్డా ఇంకో రెండు వారాలు రాయాలన్నారు, రాశాం. పాపకు ముందే పోయింది.

ఇప్పుడు మా వీధిలో వింతగా ఉంది. ఫోన్ వైద్యమా అని నవ్వినవాళ్లే మధ్యాహ్నాలు ఫోన్ పట్టుకుని వస్తున్నారు. కూతురి పెళ్లికి ముందు మంగు మచ్చలు పోవాలని ఒకామె, జుట్టు ఊడుతోందని ఇంకొకామె. వాళ్లలో ఒకరిద్దరు ఫొటో నాకు పంపేసి "మీ డాక్టరుకు చూపించు" అంటున్నారు, డాక్టరు మా చుట్టం అన్నట్టు. నేను పంపను. మీరే మాట్లాడాలి, వీడియోలో కనపడాలి అంటే సగం మంది ఆగిపోతారు. మగవాళ్లు మాత్రం ఇంకో రకం. మా ఆయన స్నేహితులు నలుగురైదుగురు గజ్జల్లో తామరతో ఏళ్ల తరబడి ఉన్నారట, ఏ డాక్టరు ముందూ ప్యాంటు విప్పలేక. ఫోన్‌లో అయితే సరే అంటున్నారు, తలుపేసుకుని ఎవరికి వాళ్లు తీసుకోవచ్చు కదా. అదే సిగ్గు మా అత్తగారిని ఆపింది, వాళ్లను ముందుకు తోస్తోంది. బోలెడు డబ్బు పెట్టి టీవీలో ప్రకటనలు వేసే ఈ యాప్‌లవాళ్లు ఈ సంగతి ఎవరినైనా అడిగారో లేదో.

ఈ-సంజీవని గురించి కూడా అందరికీ చెబుతున్నాను, డబ్బు లేనివాళ్లు ముందు అక్కడికే వెళ్లండి అని. సిహెచ్‌ఓ అమ్మాయితో మాట్లాడాను, ఆడవాళ్లు వచ్చినప్పుడు గదిలో మిగతావాళ్లను బయట కూర్చోబెట్టమని. ఒక పాత చీర ఇస్తే తెరలా కట్టుకుంటాను అంది. ఇచ్చాను.

అత్తగారి నడుం చుట్టూ నల్లటి మరక ఇంకా ఉంది, అది జబ్బు కాదు, మానిన గుర్తు, కొన్ని నెలలు ఉంటుందట. ముంజేతి మచ్చకు రంగు అంచుల నుంచి మెల్లగా వస్తోంది, మూడు నెలల తర్వాత రమ్మన్నారు కాబట్టి అక్టోబరులో ఆస్పత్రికి మళ్లీ తీసుకెళ్లాలి. మా ఆయనది మాత్రం పూర్తిగా తగ్గలేదు, క్రీము రాయడం మధ్యలో మానేస్తున్నాడు, ఈ ఆదివారం ఆయనకు మళ్లీ బుక్ చేశాను. ఈసారి ఫొటోలు ఆయనే తీసుకుంటాడు.